రామంతాపూర్ టవర్ ఎంత దూరం చూసింది?

హైదరాబాద్ దూరదర్శన్ ఎప్పుడు మొదలైందని అడిగితే 1977 అక్టోబరు 23 అని జవాబు. అప్పటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి ప్రారంభించారు. క్విజ్‌లో అయితే ఇంతటితో మార్కులు పడిపోతాయి. కానీ అంతకు రెండేళ్ళ ముందే హైదరాబాద్‌లో తెలుగు టీవీ కార్యక్రమాలు తయారయ్యాయి. వాటిని రోజూ చూసినవాళ్ళు కూడా ఉన్నారు. విచిత్రమేంటంటే వాళ్ళు నగరం వాళ్ళు కారు. బంజారాహిల్స్‌లో ఎంత పెద్ద బంగళా ఉన్నా ఆ ఇంట్లో కనపడని టీవీ, ఎక్కడో పల్లెటూళ్ళో పెంకుటింటి బడి వరండాలో కనపడేది.

నేను ఈసీఈ వాణ్ణి. యాంటెన్నాల పేపర్ చదువుతున్నప్పుడు ఈ సంగతి తగిలింది. తగిలాక వదల్లేదు. ఎందుకంటే మనం 'లోకల్ ఛానెల్' అని చాలా తేలిగ్గా అనేస్తాం. ఎవరికి లోకల్? స్టేషన్ ఉన్న ఊరికా, దాని భాష మాట్లాడేవాళ్ళకా, దాని సిగ్నల్ అందినవాళ్ళకా? హైదరాబాద్ దూరదర్శన్ కథలో ఈ మూడూ ఒక్కసారి కూడా సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోలేదు. ఆ తేడా వల్ల ఎవరికి ఏం దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నదే ఈ వ్యాసం.

కోళ్ళ గూడు వల, అమెరికా ఉపగ్రహం

మన దేశంలో టీవీ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది. రెండో ఊరికి రావడానికి పదమూడేళ్ళు పట్టింది. బొంబాయికి 1972లో వచ్చింది. తర్వాత శ్రీనగర్, అమృత్‌సర్. 1975లో కలకత్తా, మద్రాసు, లక్నో. ఈ వరసలో హైదరాబాద్ లేదు.

అయితే 1969లోనే మన అణుశక్తి శాఖకీ, అమెరికా నాసాకీ ఒక ఒప్పందం కుదిరింది. దాని వెనక ఉన్నది విక్రం సారాభాయ్. నగరాల్లో ఒక్కో టవర్ కట్టుకుంటూ పల్లెలకి పోవాలంటే ఎన్నేళ్ళు పడుతుందో లెక్కేసుకుని, నేరుగా ఉపగ్రహం నుంచే పల్లెకి పంపితే పోదా అన్నది ఆయన ఆలోచన. ఇప్పుడు ఇంటింటికీ డిష్ ఉంది కాబట్టి మనకి ఇందులో వింతేమీ కనపడదు. అప్పటికి ప్రపంచంలో ఎవరూ ఇంత పెద్ద ఎత్తున చేసి చూడలేదు.

నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు మనకి అరువిచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా. ఈ ప్రయోగం పేరు 'సైట్'. ఆరు రాష్ట్రాల్లో 2400 గ్రామాలు. అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. మిగతావి బీహార్, ఒడిశా, రాజస్థాన్, మధ్యప్రదేశ్, కర్ణాటక. కార్యక్రమాలు తయారు చేయడానికి దూరదర్శన్ మూడుచోట్ల కేంద్రాలు పెట్టింది: ఢిల్లీ, కటక్, హైదరాబాద్. తెలుగూ కన్నడమూ హైదరాబాద్ వంతు.

ఇక్కడ మన బ్రాంచి వాళ్ళకి పండగలాంటి విషయం ఒకటుంది. ఉపగ్రహం నుంచి సిగ్నల్ 860 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చేది. తరంగదైర్ఘ్యం కడితే సుమారు 35 సెంటీమీటర్లు. అద్దంలా నున్నటి లోహపు రేకు ఉంటేనే తరంగం వెనక్కి తిరుగుతుందని అనుకోనక్కర్లేదు. రంధ్రం తరంగదైర్ఘ్యం కంటే బాగా చిన్నదైతే చాలు, తరంగానికి ఆ వల గోడలాగే కనపడుతుంది. అందుకే అహ్మదాబాద్‌లోని ఇస్రో ఇంజనీర్లు మూడు మీటర్ల డిష్‌ని కోళ్ళ గూళ్ళకి కట్టే వలతో చేశారు. తేలిక, చవక, గాలికి ఆగుతుంది, చిరిగితే ఊళ్ళోనే అతికించుకోవచ్చు. మీ కాలిక్యులేటర్ తీసి గెయిన్ కట్టి చూడండి: వ్యాసాన్ని తరంగదైర్ఘ్యంతో భాగించి, పైతో గుణించి, వర్గం చేసి, అందులో 55 శాతం తీసుకుంటే దాదాపు నాలుగు వందల రెట్లు వస్తుంది. కోళ్ళ వలకి ఇది తక్కువేం కాదు. గ్రామాల్లో పెట్టిన సెట్లు తయారుచేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. ఉపగ్రహాల ద్వారా ప్రసారం సాధ్యమని 1945లోనే రాసిన ఆర్థర్ సి. క్లార్క్ కొలంబోలో ఉండేవాడు. మన ఇంజనీర్లు వెళ్ళి ఆయన ఇంటి మీద కూడా ఈ డిష్ ఒకటి పెట్టి వచ్చారు.

ఉపగ్రహం తూర్పు రేఖాంశం 35 డిగ్రీల దగ్గర, అంటే ఆఫ్రికా మీద నిలబడింది. కాబట్టి మన తెలుగు పల్లెల్లో ఆ డిష్‌లన్నీ పడమటి వైపు, కాస్త దక్షిణానికి ఒరిగి, సుమారు 37 డిగ్రీల ఎత్తులోకి చూస్తూ ఉండేవి. హైదరాబాద్‌లో తీసిన కార్యక్రమం టేపు మీద అహ్మదాబాద్ వెళ్ళాలి. అక్కడి భూకేంద్రం నుంచి ఆఫ్రికా మీది ఉపగ్రహానికి ఎక్కాలి. అక్కణ్ణించి తెలంగాణ, రాయలసీమ పల్లెల్లాంటి చోట్లకి దిగాలి. పక్క ఊరికి కబురు పంపడానికి ఆకాశం చుట్టి రావడమంటే ఇదే.

రోజుకి నాలుగు గంటల ప్రసారం. పొద్దున గంటన్నర బడిపిల్లలకి. దాన్ని నాలుగు భాషలకి పంచితే తెలుగుకి 22 నిమిషాల 30 సెకన్లు వచ్చాయి. సాయంత్రం రెండున్నర గంటలు పెద్దవాళ్ళకి: సేద్యం, పశువులు, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ. ఒకే బొమ్మకి రెండు ధ్వని మార్గాలు ఉండేవి కాబట్టి ఒక దాంట్లో తెలుగు, ఇంకో దాంట్లో కన్నడం పంపే వీలుండేది. వార్తల భాగం మాత్రం అందరికీ హిందీలోనే. సైట్ మొదలయ్యేనాటికి దేశంలో ఎమర్జెన్సీ వచ్చి ఐదు వారాలు దాటింది. ఏ భాషలో చెప్పినా ఆ వార్తలు ఎవరు రాయించినవో వేరే చెప్పక్కర్లేదు.

ఏడాది అయ్యింది. ఒప్పందం ప్రకారం అమెరికా తన ఉపగ్రహాన్ని జరిపేసుకుంది. బడిలో టీవీ పెట్టె ఉంది, పైన వల ఉంది, బొమ్మ లేదు. ఆ పల్లెల్ని అలా వదిలేయకూడదని ఆరుచోట్ల నేల మీద ట్రాన్స్‌మిటర్లు పెట్టాలని తీర్మానించారు. జైపూర్, రాయపూర్, ముజఫర్‌పూర్, సంబల్‌పూర్, గుల్బర్గా, హైదరాబాద్. సైట్ గ్రామాల్లో కనీసం 40 శాతానికి మళ్ళీ బొమ్మ అందించాలన్నది లక్ష్యం.

ఆ జాబితాని ఇంకోసారి చదవండి. సంబల్‌పూర్, ముజఫర్‌పూర్, గుల్బర్గాల పక్కన హైదరాబాద్. పెద్ద నగరమని మనకి టీవీ స్టేషన్ రాలేదు. చుట్టుపక్కల పల్లెలకి బాకీ ఉంది కాబట్టి వచ్చింది. నగరం ఆ పల్లెల పేరు చెప్పుకుని టీవీ చూసింది. ఈ మాట హైదరాబాద్ చరిత్ర చెప్పేవాళ్ళు పెద్దగా చెప్పరు. చెప్పాలని నాకనిపిస్తుంది.

ఇరవయ్యేడు రోజుల స్టేషన్

ట్రాన్స్‌మిటర్ టవర్ అంటే నేల మీద ఒక వృత్తం గీయడం. వీహెచ్ఎఫ్ తరంగం దాదాపు చూపు మేరకే పోతుంది. భూమి గుండ్రం కాబట్టి ఎక్కడో ఒకచోట చూపు తెగుతుంది. లెక్క చాలా సులువు. టవర్ ఎత్తు మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టండి. ఇంటి మీది యాంటెన్నా ఎత్తుకీ అలాగే కట్టండి. రెండూ కూడి 4.12తో గుణిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. ఉదాహరణకి టవర్ 150 మీటర్లు, మేడ మీద చేపముల్లు యాంటెన్నా 9 మీటర్లు అనుకుంటే 63 కిలోమీటర్లు. పవర్ ఎక్కువున్నా, బూస్టర్ పెట్టినా ఇంకొంత దూరం మసక మసగ్గా లాగొచ్చు. ఎంత లాగినా మూడు వందల కిలోమీటర్లు మాత్రం రాదు.

ఆ అంకె ఎందుకు చెప్పానంటే, 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. వేల మంది చనిపోయారు. తెలుగువాళ్ళు ఈ రోజుకీ మర్చిపోలేని రోజుల్లో అదొకటి. అప్పటికి హైదరాబాద్ దూరదర్శన్ వయసు ఇరవయ్యేడు రోజులు. హైదరాబాద్ నుంచి అవనిగడ్డకి మ్యాపు మీద గీత గీస్తే దాదాపు 300 కిలోమీటర్లు. తెలుగు టీవీ అనేది ఉంది. తెలుగువాళ్ళ మీద అంత ఆపద వచ్చింది. ఆ రెండిటికీ మధ్య భూమి వంపు అడ్డం నిలబడింది. కృష్ణా తీరంలో అప్పటికి ఉన్న దిక్కల్లా రేడియోనే.

ప్రారంభించిన సంజీవరెడ్డిగారిది అనంతపురం జిల్లా. ఆయన సొంత జిల్లా కూడా ఆ వృత్తానికి బయటే ఉంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. మా నాన్నమ్మది తడ దగ్గర ఊరు. తడకి హైదరాబాద్ ఎక్కడో ఉత్తరాన ఉన్నట్టు. మద్రాసు మాత్రం పక్కనే, డెబ్భై ఎనభై కిలోమీటర్లు. మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టులోనే మొదలైంది కాబట్టి ఆ వైపు ఊళ్ళలో యాంటెన్నాలన్నీ దక్షిణానికే తిరిగి ఉండేవి. చిన్నప్పుడు టీవీలో ఏం చూసేదానివని నాన్నమ్మని అడిగితే నవ్వింది. "మాకు టీవీ అంటేనే అరవం నాయనా. శుక్రవారం సాయంత్రం ఒలియుం ఒలియుం వచ్చేది, ఊరంతా రెడ్డిగారి ఇంట్లోనే. మీ నాయన అయితే తెలుగులో కూడా టీవీ మాట్లాడద్దని చాన్నాళ్ళు అనుకోనేలేదు" అంది. మాట్లాడద్దని అంటే మాట్లాడుతుందని అర్థం, నెల్లూరు యాస తెలీని మిత్రుల కోసం చెప్తున్నా.

అదే శుక్రవారం, హైదరాబాద్ వృత్తంలో ఉన్నవాళ్ళు చిత్రలహరి చూసేవాళ్ళు. రెండూ సినిమా పాటల కార్యక్రమాలే. ఒకే రాష్ట్రం, ఒకే భాష, ఒకే శుక్రవారం. ఏ టవర్ దగ్గరుంటే ఆ పాట.

వార్తలకి ఆరేళ్ళు

1982 టీవీకి పెద్ద ఏడాది. ఆ ఆగస్టు 15న ఢిల్లీ నుంచి జాతీయ కార్యక్రమం మొదలైంది. ఆసియా క్రీడల పుణ్యమా అని రంగులు కూడా వచ్చాయి. 1983 ఆగస్టులో ఇన్‌శాట్-1బి పైకి వెళ్ళింది. అది 74 డిగ్రీల రేఖాంశం దగ్గర, దాదాపు మన నెత్తి మీదే నిలబడింది. సైట్ రోజుల్లో పడమరకి ఒరిగిన డిష్ ఇప్పుడు 69 డిగ్రీల ఎత్తుకి తలెత్తి చూడాలి.

ఈ ఉపగ్రహం ఆసరాతో 1984లో కొన్ని నెలల పాటు రోజుకొకటి చొప్పున దేశమంతా చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టుకుంటూ పోయారు. వంద వాట్లవి, సుమారు ఇరవై కిలోమీటర్లు పోయేవి, ఎల్‌పీటీలు అనేవాళ్ళు. మన జిల్లా కేంద్రాలకి టీవీ వచ్చింది వీటి వల్లే. ఇక్కడ మెలిక ఉంది. ఎల్‌పీటీకి సొంత స్టూడియో ఉండదు. పైనుంచి ఏది దిగితే దాన్నే మళ్ళీ వెదజల్లుతుంది. ఇన్‌శాట్ నుంచి అప్పుడు దిగేది ప్రధానంగా ఢిల్లీ బొమ్మ. కాబట్టి కోస్తాలోనో సీమలోనో ఒక ఊరికి టీవీ వచ్చిందంటే ముందు వచ్చింది హిందీ. 'హమ్ లోగ్' మొదలైంది 1984 జూలైలో. 'రామాయణ్' 1987 జనవరిలో. టీవీకి దండేసి, కొబ్బరికాయ కొట్టి, ఒక్క ముక్క హిందీ రాకుండా రామాయణం చూసిన అమ్మమ్మల గురించి మనం సరదాగా చెప్పుకుంటాం. వాళ్ళు కథ తెలుసు కాబట్టి భాష లేకుండా చూడగలిగారు. 'రైతులకి సూచనలు' అలా చూడలేరు కదా.

హైదరాబాద్ బొమ్మ రాష్ట్రంలో మిగతా ఎల్‌పీటీలకి చేరాలంటే హైదరాబాద్ నుంచి పైకి పంపే భూకేంద్రం ఉండాలి, పైన ఉపగ్రహంలో దానికో ట్రాన్స్‌పాండర్ దొరకాలి, దొరికిన గంటలు ఢిల్లీ గంటలకి అడ్డం రాకూడదు. రాత్రి పూట అందరూ ఇంట్లో ఉండే సమయం జాతీయ కార్యక్రమానిదే. తెలుగుకి మిగిలింది సాయంత్రం. ఆ తీరు కుదిరాకే ఢిల్లీ రిలేకి ముందు కొంతసేపు తెలుగు అనే అలవాటు రాష్ట్రమంతా ఏర్పడింది.

అన్నిటికంటే నన్ను ఆపిన తేదీ 1983 నవంబరు 14. హైదరాబాద్ దూరదర్శన్‌లో తెలుగు వార్తలు మొదలైన రోజు. చదివింది శాంతి స్వరూప్. అంటే స్టేషన్ పుట్టిన ఆరేళ్ళ దాకా దానికి తెలుగులో వార్త చెప్పే గొంతు లేదు. నాటకాలు ఉన్నాయి, పాటలు ఉన్నాయి, ఎరువులు ఎప్పుడు వేయాలో ఉంది. ఈ రోజు ఏం జరిగిందో లేదు. ఏ స్టేషన్‌కైనా 'స్థానికం' అనే మాట దక్కేది దీంతోనే అని నేననుకుంటాను.

శాంతి స్వరూప్ గురించి ఒక్కమాట చెప్పకుండా దాటలేను. టెలిప్రాంప్టర్ అంటే కెమెరా కన్ను ముందే అక్షరాలు నడిచే అద్దం. చదివేవాళ్ళు మనల్నే చూస్తున్నట్టు ఉంటుంది. అది రాకముందు, దాదాపు పదేళ్ళపాటు, ఆయన వార్తల్ని ముందే బట్టీ పట్టి కెమెరాలోకి చూస్తూ చెప్పేవారు. వార్త ఎప్పుడు చేతికొస్తుందో, ఎప్పుడు మారుతుందో తెలీని చోట, ప్రత్యక్ష ప్రసారంలో. మనం సెమినార్లో స్లయిడు చూసి చదవడానికే తడబడతాం. ఆయన 2024 ఏప్రిల్ 5న పోయారు. ఆ రోజు చాలామంది పెద్దవాళ్ళు ఆయన ముఖం కన్నా గొంతునే తలుచుకున్నారు.

వార్తలు వచ్చినా పగ్గాలు ఢిల్లీలోనే. తెలుగు బులెటిన్ వయసు తొమ్మిది నెలలున్నప్పుడు, 1984 ఆగస్టు 16న, ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని గవర్నర్ బర్తరఫ్ చేశారు. నెల తిరిగేసరికి ఆయన మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. మధ్యలో రాష్ట్రం అట్టుడికింది. నేను అడిగిన పెద్దవాళ్ళంతా ఆ నెల గురించి చెప్తూ పేపర్ల పేర్లు చెప్పారు, పేపరు కోసం బస్టాండ్‌లో పడిగాపులు పడ్డ సంగతి చెప్పారు. టీవీ మాట ఒక్కరూ ఎత్తలేదు. దూరదర్శన్ అప్పుడు కేంద్ర ప్రభుత్వంలో ఒక విభాగం. ప్రసార భారతి అనే వేరే సంస్థ కిందికి వచ్చింది 1997 నవంబరులో.

ఉత్తరాల మీది ఊరి పేర్లు

ఇంత చెప్పాక దూరదర్శన్ పనికిరాలేదని అనుకునేరు. నా ఉద్దేశం అది కాదు. ఇరుకైన గంటల్లో ఆ స్టేషన్ చేసింది చిన్న పనేం కాదు. ధర్మవరపు సుబ్రహ్మణ్యం సినిమాలకి ముందే ఇంటింటికీ తెలిసింది 'ఆనందోబ్రహ్మ'తో. మంజులా నాయుడు 'ఋతురాగాలు' వచ్చేటప్పటికి మా అమ్మ కాలేజీలో ఉంది. ఆ టైటిల్ పాట ఇప్పటికీ వంటింట్లో కూనిరాగంగా వినపడుతుంది. నగరంలో ఉర్దూ మాట్లాడే లక్షల మందికి ఉర్దూ కార్యక్రమాలు కూడా ఇక్కణ్ణించే వచ్చేవి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం 'జాబులు-జవాబులు', నేను చూడకపోయినా. ప్రేక్షకులు రాసిన ఉత్తరాలు చదివి జవాబు చెప్పడం, అంతే. కానీ ఇంజనీరు కళ్ళతో ఆలోచించండి. ట్రాన్స్‌మిటర్ ఎంత దూరం పోతోందో తెలుసుకోవడానికి జీపులో మీటర్ పెట్టుకుని ఊరూరా తిరిగి కొలుస్తారు. ఒక పోస్టుకార్డు మీది ముద్ర కూడా అదే చెప్తుంది, పైగా అక్కడ సిగ్నల్ అందడమే కాకుండా ఒక మనిషి కూర్చుని చూశాడని కూడా చెప్తుంది. ఆ ఊరి పేరు టీవీలో వినపడితే ఆ మర్నాడు ఆ ఊళ్ళో ఎంత హడావుడి ఉండి ఉంటుంది! మనిషికి తన ఊరి పేరు తిరిగి వినిపించడం కంటే స్థానికమైనది ఇంకేముంటుంది?

భాష సంగతి కూడా ఉంది. స్టేషన్ నిలబడింది తెలంగాణ నడిబొడ్డున. వార్తల్లో వినపడింది మాత్రం పుస్తకాల తెలుగు, ఆకాశవాణి నుంచి వచ్చిన తెలుగు. రామంతాపూర్‌లో టీ కొట్టు దగ్గర మాట్లాడే తెలుగుకి స్టూడియో గేటు దాటి లోపలికి పోవడానికి అనుమతి దొరికింది ఎక్కువగా నాటకాల్లో, జానపద పాటల్లోనే. శాంతి స్వరూప్ ఉచ్చారణ ఎంత గొప్పదైనా, ఆ ఒక్క తెలుగే 'సరైన' తెలుగు అని రెండు తరాలకి అనిపించడానికి టీవీ కూడా కొంత కారణమని నా అభిప్రాయం. మన క్లబ్బులోనే ఈ మాట మీద వాదన జరుగుతుందని తెలుసు. జరగనివ్వండి.

తర్వాతి కథ మీకు తెలిసిందే కాబట్టి త్వరగా చెప్తాను. 1990లలో తెలుగుకి ఉపగ్రహ ఛానెల్ వచ్చింది. మొదట డీడీ-8, తర్వాత సప్తగిరి. తడ నుంచి ఇచ్ఛాపురం దాకా అందరికీ ఒకేసారి ఒకే తెలుగు బొమ్మ చేరే రోజు చివరికి వచ్చింది. వచ్చేసరికి పోటీ కూడా వచ్చేసింది. 1995లోనే జెమిని, ఈటీవీ. 2003-04 నాటికి ఇరవై నాలుగు గంటల వార్తలు. టవర్ చూపు అందనప్పుడు జనం ఎదురు చూశారు. అందేసరికి రిమోట్ చేతికొచ్చింది.

2014లో రాష్ట్రం రెండయ్యింది. ఆ సెప్టెంబరు 27న విజయవాడ నుంచి సప్తగిరి మొదలైంది. హైదరాబాద్ ఛానెల్ యాదగిరి అయ్యింది. ఒకటి తిరుమల ఏడుకొండల పేరు, ఇంకోటి యాదగిరిగుట్ట పేరు. అంతవరకూ తిరుమల పేరు పెట్టుకుని హైదరాబాద్‌లో నడిచిన స్టేషన్‌కి తన పక్క కొండ పేరు రావడానికి ముప్పై ఏడేళ్ళు పట్టింది. ఇక నేల మీది పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లని, వ్యూహాత్మకమైన చోట్ల ఉన్న సుమారు యాభై తప్ప, 2022 నాటికి దేశమంతా ఆపేస్తూ వచ్చారు. వాటి చుట్టూ గీసిన వృత్తాలు కూడా వాటితోనే పోయాయి. ఇప్పుడు యాదగిరి చూడాలంటే డిష్, కేబుల్, లేదా ఫోన్.

మిగిలింది ఎంత?

నేను ఈ వ్యాసం కోసం పాత కార్యక్రమాలు చూడాలనుకున్నాను. 'ఋతురాగాలు' ముక్కలు, చిత్రలహరి ముక్కలు కొన్ని ఇంటర్నెట్‌లో దొరికాయి. 1980ల సాయంత్రాల్లో చాలా భాగం అలా దొరకదు. కారణం ఊహించడం కష్టమేం కాదు. ప్రత్యక్షంగా చదివిన వార్త, ఎవరో పనిగట్టుకుని రికార్డు చేస్తే తప్ప, గాల్లోకి పోయిందంటే పోయినట్టే. వీడియో టేపు ఖరీదైన సరుకు. పాత దాని మీదే కొత్తది తీయడం ప్రపంచంలో చాలా టీవీ స్టేషన్లు చేసిన పని. అంత పేరున్న బీబీసీయే తన 'డాక్టర్ హూ' సీరియల్ 1960ల నాటి ఎపిసోడ్లు తొంభైకి పైగా పోగొట్టుకుంది. అయితే వాటన్నిటి ధ్వని మాత్రం ఇప్పటికీ ఉంది. ఎలాగంటే, అప్పటి పిల్లలు టీవీ పక్కన టేప్ రికార్డర్ పెట్టుకుని రికార్డు చేసుకున్నారు. సంస్థ పారేసినదాన్ని ఇళ్ళు దాచాయి.

మన ఇళ్ళల్లో కూడా ఉండే అవకాశం ఉంది. 1980ల చివర్లో, 90లలో వీసీఆర్ ఉన్నవాళ్ళు టీవీలో వచ్చిన సినిమా రికార్డు చేసుకునేవాళ్ళు. సినిమాకి ముందు రెండు నిమిషాల వార్తలు, మధ్యలో ప్రకటనలు, కరెంటు పోయి వచ్చాక 'అంతరాయానికి చింతిస్తున్నాం' అన్న అట్ట, ఇవన్నీ ఆ క్యాసెట్లో పడి ఉంటాయి. సినిమా మనకి అక్కర్లేదు, అది ఎక్కడైనా దొరుకుతుంది. పక్కన పడినవే కావాలి.

సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు అటక మీద ఒకసారి చూడండి. మీ నాన్ననో, మామయ్యనో, అద్దెకి వీసీఆర్ ఇచ్చిన వీడియో షాపు ఆయన్నో అడగండి. క్యాసెట్ దొరికితే వెంటనే ప్లేయర్లో పెట్టకండి. ముందు కిటికీలోంచి టేపు చుట్టని వెలుతురులో చూడండి. తెల్లటి పొడిలా బూజు ఉంటే అది ప్లేయర్ హెడ్‌కి అంటుకుని, తర్వాత పెట్టే క్యాసెట్లన్నిటినీ పాడుచేస్తుంది. అలాంటిది శుభ్రం చేసేవాళ్ళకే ఇవ్వాలి. బూజు లేకపోతే, చాలా ఏళ్ళుగా తిప్పనిది కాబట్టి ఒకసారి చివరిదాకా ముందుకి, మళ్ళీ వెనక్కి తిప్పండి. ప్లేయర్ నుంచి ఏవీ కేబుల్, అక్కణ్ణించి చవకలో దొరికే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం, అక్కణ్ణించి ల్యాప్‌టాప్. మూడు గంటల క్యాసెట్‌కి మూడు గంటలూ పడుతుంది, తొందరపెట్టే దారి లేదు. తేదీ తెలిస్తే ఫైలు పేరులోనే రాయండి. తెలియకపోతే ఏ ఊళ్ళో రికార్డు చేశారో రాయండి, అది ఇంకా ముఖ్యం.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. క్యాసెట్ వెన్ను మీద ఎడమ మూల చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో దాన్ని విరిచేయండి. అది లేకపోతే పొరపాటున రికార్డు బటన్ నొక్కినా దాని మీద ఇంకేదీ పడదు.